పువ్వు వేసిన కంటికి కృత్రిమ కార్నియా: ఎవరికి, ఎప్పుడు, ఆ తర్వాత ఏమిటి?

సంపాదకులకు నమస్కారం.

'కృత్రిమ కార్నియాతో చూపు' అని వార్త వచ్చిన ప్రతిసారీ కార్నియా క్లినిక్‌లకు వచ్చేవాళ్లు పెరుగుతారు. పేపరు ముక్క కత్తిరించి జేబులో పెట్టుకుని వస్తారు. వాళ్లలో చాలామందికి ఆ ఆపరేషన్ పనికిరాదు. ఒకరికి శుక్లాలు, ఇంకొకరికి నీటికాసుల (కంటి లోపల ప్రెషరు పెరిగే గ్లాకోమా) వల్ల కంటి నరం ఎండిపోయింది, మరొకరికి కంటి వెనక పొర, అంటే రెటీనా ఊడిపోయింది. నిజంగా అది అవసరమైన మనిషేమో 'ఆ కన్ను ఇక అంతే' అనుకుని ఏ ఊళ్లోనో అరుగు మీద కూర్చుని ఉంటాడు. ఈ రెండు నష్టాలూ తగ్గాలంటే పాఠకులకు ఇంకాస్త వివరం అందాలి. అందుకే ఈ ఉత్తరం కొంచెం పొడవుగా రాస్తున్నాం. వీలైతే కత్తిరించకుండా వేయండి.

ముందు మాటల చిక్కు విప్పాలి. కంటి లోపలి కటకం మసకబారితే శుక్లం అంటాం. బడి పుస్తకాల్లో కార్నియాను శుక్లపటలం అన్నారు. వినడానికి రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ జబ్బులు వేరు, ఆపరేషన్లు వేరు. శుక్లానికి కంటి లోపల లెన్స్ పెడతారు, ఆ ఆపరేషన్ ఇప్పుడు చిన్న పట్టణాల్లో కూడా జరుగుతోంది. తీసేసిన కంటి స్థానంలో అందం కోసం పెట్టే గాజు కన్ను ఇంకొకటి, దాంతో చూపు రాదు. మనం మాట్లాడుతున్నది మూడోది. నల్లగుడ్డు ముందు గడియారం అద్దంలా ఉండే పారదర్శకమైన పొర కార్నియా. అది తెల్లబడితే మన ఊళ్లల్లో 'కంట్లో పువ్వు వేసింది' అంటారు. ఏ వైద్య పదమూ దాన్ని ఇంత సూటిగా చెప్పదు. ఆ పువ్వు గురించే ఈ ఉత్తరమంతా.

కార్నియా అడ్డంగా సుమారు 11 నుంచి 12 మిల్లీమీటర్లు, మధ్యలో మందం అర మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. అందులో రక్తనాళాలు లేవు, ఉంటే అద్దంలా ఉండదు. ప్రాణవాయువును కన్నీటి నుంచే తీసుకుంటుంది. లోపలి వైపు ఒకే ఒక వరుసలో ఉండే కణాలు రాత్రింబవళ్లు నీటిని బయటికి తోడుతూ ఉంటాయి. ఆ తోడటం ఆగితే కార్నియా ఉబ్బి పాలపొరలా అయిపోతుంది. ఆ కణాలు పోతే మళ్లీ పుట్టవు. ఇక నల్లగుడ్డు, తెల్లగుడ్డు కలిసే అంచులో మూలకణాలు ఉంటాయి. పైచర్మాన్ని ఎప్పటికప్పుడు కొత్తగా పుట్టించేవి అవే. ఈ అంచు కాలిపోతే ఎంత మంచి కార్నియా తెచ్చి కుట్టినా నిలవదు. తర్వాత చెప్పబోయే విషయమంతా ఈ చిన్న అంచు మీదే ఆధారపడి ఉంది.

మన దగ్గర పువ్వు ఎలా వేస్తుందో చూడండి. వరి కోతల్లో ఆకు గీసుకుంటుంది, నూర్పిడిలో పొట్టు పడుతుంది. గీత చిన్నదే. దాంట్లోకి బూజు చేరుతుంది. బూజు పుండు నెమ్మదిగా పెరుగుతుంది కాబట్టి మొదటి రెండు మూడు రోజులు పెద్దగా భయం వేయదు. ఈలోగా మెడికల్ షాపులో ఎర్రకంటికని ఇచ్చిన చుక్కలు వేస్తారు. వాటిలో స్టెరాయిడ్ ఉంటే ఎరుపు తగ్గినట్టు కనిపిస్తుంది, లోపల బూజుకు మాత్రం పొలానికి ఎరువు వేసినట్టవుతుంది. ఇంకొందరు పసరు పోస్తారు. కంట్లో పొట్టు పడి మర్నాటికి కూడా నొప్పి, ఎరుపు తగ్గకపోతే పుండును గీకి సూక్ష్మదర్శిని కింద చూసే వసతి ఉన్న చోటికి వెళ్లాలి. బూజు అని తేలితే నాటమైసిన్ వంటి మందు గంట గంటకూ వేయాల్సి ఉంటుంది. ఆ దశలో ఆగితే కృత్రిమ కార్నియా మాటే రాదు.

రెండోది సున్నం. తాంబూలంలో వేసుకునే సున్నం ప్యాకెట్టును పిల్లలు నొక్కితే చిట్లి నేరుగా కంట్లో పడుతుంది. వెల్ల వేసేటప్పుడు పెద్దవాళ్లకూ పడుతుంది. యాసిడ్ కంటే సున్నం చెడ్డది. యాసిడ్ పైపొరను గడ్డకట్టించి అక్కడే చాలావరకు ఆగుతుంది, క్షారం కొవ్వును కరిగించుకుంటూ లోపలికి దిగిపోతుంది. అలాంటప్పుడు ఆసుపత్రికి బయలుదేరడం రెండో పని. మొదటి పని నీళ్లు. దగ్గర్లో ఉన్న శుభ్రమైన నీటితో, రెప్పలు విడదీసి పట్టుకుని, కనీసం అరగంట ధారగా కడగాలి. పై రెప్ప కింద సున్నం ముక్కలు ఇరుక్కుంటాయి, అవి ఉన్నంతసేపూ కాలుస్తూనే ఉంటాయి. వాటిని తీయించాలి. ఆ అరగంట నీళ్లు చేసే మేలు తర్వాతి ఏ ఆపరేషనూ చేయలేదు.

మూడోది చాలామంది ఊహించనిది, మాత్రలు. మూర్ఛకు వాడే కార్బమజెపైన్, ఫెనిటాయిన్, గౌట్‌కు వాడే అల్లోప్యూరినాల్, సల్ఫా మందులు, కొన్ని నొప్పి మాత్రలు అరుదుగా కొందరికి పడక ఒంటి మీద చర్మం, నోట్లో పొర, కంటి పొర ఊడిపోతాయి. దీన్ని స్టీవెన్స్ జాన్సన్ సిండ్రోమ్ అంటారు. ప్రాణం కాపాడే హడావుడిలో ఐసీయూలో కన్ను ఎవరికీ గుర్తుండదు. మొదటి వారం పది రోజుల్లోనే కంటి డాక్టరును పిలిచి ఉమ్మనీటి సంచి పొర కప్పించగలిగితే చాలా కళ్లు దక్కుతాయి. అది జరగకపోతే కన్నీరు ఎండిపోతుంది, రెప్పల అంచులు గరుకెక్కి రెప్ప వేసిన ప్రతిసారీ కార్నియాను గీకుతాయి. కార్నియా వైద్యంలో అన్నిటికంటే కష్టమైన కళ్లు ఇవే.

ఇప్పుడు అసలు సంగతి. పువ్వు వేసిన కంటికి కృత్రిమ కార్నియా ముందుగా చేసే వైద్యం కాదు. మచ్చ పలచగా ఉంటే గట్టి కాంటాక్ట్ లెన్సుతోనే పని జరుగుతుంది. మచ్చ మందంగా ఉండి అంచు బాగుంటే దాత కార్నియా కుట్టడమే మేలు. ఈ ఆపరేషన్ మొట్టమొదట ఫలించింది 1905 డిసెంబరు 7న, ఇప్పటి చెక్ దేశంలోని ఓలోమౌత్స్‌లో. ఎడ్వర్డ్ జిర్మ్ అనే డాక్టరు చేశారు. రోగి కళ్లలో సున్నం పడ్డ ఒక కూలీ. నూట ఇరవై ఏళ్లు గడిచినా, మంచి కంటికి దాత కార్నియాను మించింది ఇంకా రాలేదు. లోపలి కణాల వరుస మాత్రమే పాడైతే కార్నియా అంతా మార్చనక్కర్లేదు, ఆ పలచని పొర ఒక్కటే మారుస్తారు.

ఒక కంట్లోనే సున్నమో యాసిడో పడి అంచు కాలిపోయి, రెండో కన్ను బాగుంటే అడగాల్సిన ఆపరేషన్ ఇంకొకటి ఉంది. దాన్ని పొట్టిగా స్లెట్ అంటారు. మన హైదరాబాద్‌లోనే, ఎల్వీ ప్రసాద్ నేత్ర వైద్య విజ్ఞాన సంస్థలో డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం రూపొందించి 2012లో ప్రకటించింది. మంచి కంటి అంచు నుంచి సుమారు 2 మిల్లీమీటర్ల చదరం ముక్క తీస్తారు. దాన్ని ఎనిమిది, పది సన్నముక్కలు చేస్తారు. కాలిన కంటి మీది మచ్చపొర ఒలిచి, ఉమ్మనీటి సంచి పొర పరిచి, దాని మీద నారు నాటినట్టు ఆ ముక్కల్ని గుండ్రంగా జిగురుతో అతికిస్తారు. కొన్ని వారాల్లో ఒక్కో ముక్క నుంచి కణాలు పాకి కార్నియా అంతా కప్పేస్తాయి. ల్యాబులో కణాల్ని పెంచే ఖర్చు లేదు. ఇప్పుడిది ఎన్నో దేశాల్లో చేస్తున్నారు. ఒక కన్ను కాలినవాళ్లు ఇది కుదురుతుందో లేదో తేల్చుకోకుండా ప్లాస్టిక్‌తో చేసే కృత్రిమ కార్నియా వైపు చూడకూడదన్నది మా గట్టి అభిప్రాయం.

మరి ప్లాస్టిక్ ఎవరికి? రెండు మూడుసార్లు కుట్టిన కార్నియాలు తెల్లబడిపోయినవాళ్లకు, కంటి మీద రక్తనాళాలు అల్లుకుపోయి ఏ దాత కార్నియా (గ్రాఫ్టు) కుట్టినా నిలవనివాళ్లకు, రెండు కళ్ల అంచులూ పోయినవాళ్లకు. రెండో కంటితో పనులు చేసుకోగలిగే మనిషికి సాధారణంగా దీని జోలికి వెళ్లరు. ఎందుకో తర్వాత చెప్తాం.

ఆలోచన పాతదే. 1789లోనే పెల్లియే ద కెంజీ అనే ఫ్రెంచి వైద్యుడు వెండి చట్రంలో గాజుబిళ్ల పెట్టవచ్చని రాశారు. పెట్టిన ప్రతి గాజూ ఊడిపోతూ వచ్చింది. గాజుకూ కండకూ అతుకు కుదరకపోవడమే కారణం. స్వీడన్‌లో పుట్టి అమెరికాలో స్థిరపడిన క్లేస్ డోల్మన్ 1960లలో మొదలుపెట్టి దశాబ్దాలు కష్టపడి తయారుచేసిన కృత్రిమ కార్నియా పేరు బోస్టన్ కెప్రో (కెరటోప్రోస్థెసిస్‌కు పొట్టిపేరు కెప్రో). దానికి 1992లో అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఆ నమూనాలోనే మదురైలోని ఆరోల్యాబ్ తక్కువ ధరకు ఆరో కెప్రో తయారుచేస్తోంది. మన దేశంలో ఈ ఆపరేషన్ మామూలు కుటుంబాలకు కాస్తయినా అందుబాటులోకి వచ్చింది దానివల్లే.

అదెలా ఉంటుందో దగ్గరగా చూడండి. చొక్కా కాలరు గుండీ గుర్తుందా? ముందొక బిళ్ల, వెనకొక బిళ్ల, మధ్యలో కాడ. కెప్రో అదే పద్ధతి. ముందు బిళ్ల, కాడ కలిపి ఒకే ముక్క. అది పీఎంఎంఏ అనే ప్లాస్టిక్, శుక్లాల లెన్సులకు దశాబ్దాలుగా వాడినది ఇదే. చూసేది ఆ కాడ గుండానే. వెనక బిళ్ల ప్లాస్టిక్కో టైటానియమో, పెద్దవాళ్లకు 8.5 మిల్లీమీటర్లు. దాన్నిండా చిల్లులుంటాయి. ఆ చిల్లుల్లోంచి కంటి లోపలి నీరు కార్నియాకు తగలాలి, లేకపోతే అది తిండి లేక కరిగిపోతుంది. రెండు బిళ్లల మధ్య ఇరికేది ఏమిటి? దాత కార్నియా. 8.5 మిల్లీమీటర్ల గుండ్రటి ముక్క కోసి, నడుమ 3 మిల్లీమీటర్ల చిల్లు పొడిచి, ఆ కాడకు తొడుగుతారు. వెనక బిళ్ల నొక్కి, చివర చిన్న టైటానియం రింగు బిగిస్తారు. సరిగ్గా కూర్చుంటే 'టిక్' మని వినిపిస్తుంది. ఆ చప్పుడు వినపడనిదే సర్జన్ ముందుకు వెళ్లరు. ఇదంతా రోగి కన్ను తెరవకముందే పక్క బల్ల మీద జరుగుతుంది. తర్వాత పాడైన కార్నియా మధ్యభాగం తీసేసి, కూర్చిన మొత్తాన్ని మామూలు గ్రాఫ్టులాగే వెంట్రుక కంటే సన్నని నైలాన్ దారంతో చుట్టూ కుడతారు. కంట్లో సొంత కటకం ఉంటే తీసేస్తారు. ఆ పవరు కాడలోనే వచ్చేలా, కంటి పొడవు ముందే కొలిచి తగిన కెప్రో తెప్పిస్తారు.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. 'కృత్రిమ కార్నియా వచ్చేసింది, ఇక నేత్రదానం ఎందుకు' అన్న ప్రశ్న ఈమధ్య వినిపిస్తోంది. కెప్రోను కంటికి పట్టి ఉంచేది దాత కార్నియానే. ఇంకో సంగతి, దీనికి లోపలి కణాలు నిండుగా ఉన్న కార్నియానే కావాలని లేదు. చూపు కోసం కుట్టడానికి చాలదని పక్కన పెట్టిన కార్నియా కూడా ఇక్కడ పనికొస్తుంది. వయసు మీరినవాళ్ల కళ్లు ఎందుకని ఇంట్లోవాళ్లు వెనక్కి తగ్గనక్కర్లేదు. కళ్లజోడు, షుగరు, బీపీ, శుక్లాల ఆపరేషన్ ఏదీ అడ్డు కాదు. ఎయిడ్స్, కామెర్ల హెపటైటిస్ బి, సి, రేబిస్, రక్తపు క్యాన్సర్ ఉంటే తీసుకోరు. మరణించిన 6 గంటల్లోపు సేకరించాలి. అప్పటిదాకా కళ్లు మూసి తడి దూది పెట్టాలి, ఫ్యాను ఆపాలి, తల కింద దిండు పెట్టాలి. సేకరించడానికి వచ్చేవాళ్లు ఇంటికే వస్తారు, పని అరగంటలోపే అయిపోతుంది, ముఖం ఏమాత్రం చెడదు. ప్రపంచంలో ఒక్కో దాత కార్నియాకు సుమారు 70 మంది ఎదురుచూస్తున్నారని 2016లో వచ్చిన అంతర్జాతీయ లెక్క. ఆగస్టు 25 నుంచి సెప్టెంబరు 8 దాకా జరిగే నేత్రదాన పక్షోత్సవాల్లో ర్యాలీ ఫొటోలతో పాటు ఈ నాలుగు ముక్కలూ వేస్తే ఎంతో మేలు.

ఆపరేషన్‌కు ముందు చూడాల్సినవి ఉన్నాయి. చీకటి గదిలో టార్చి వెలుగు పైనుంచి వస్తోందా, కిందనుంచా, కుడినుంచా, ఎడమనుంచా అని రోగి నాలుగు దిక్కులా చెప్పగలగాలి. చెప్పలేకపోతే వెనక రెటీనా, నరం దెబ్బతిన్నాయన్న అనుమానం. ముందు అద్దం మార్చినంత మాత్రాన గదిలో దీపం వెలగదు. పువ్వు అడ్డంగా ఉండి లోపల కనపడదు కాబట్టి బి-స్కాన్ అనే అల్ట్రాసౌండ్ పరీక్ష చేసి రెటీనా అతుక్కుని ఉందో లేదో చూస్తారు. చిన్నతనం నుంచి తెల్లబడిన కంటికి మెదడు చూడటమే నేర్చుకుని ఉండదు, అక్కడ పెద్ద ఆశ పెట్టడం అన్యాయం. రెప్పలు పూర్తిగా మూసుకోవాలి, కంట్లో కాస్తయినా తడి ఉండాలి. కంటి ప్రెషరు ముందే ఎక్కువుంటే దాని సంగతి ముందు చూడాలి.

వెనక భాగం బాగుంటే ఫలితం చాలా తొందరగా కనిపిస్తుంది. దాత కార్నియాతో చూపు స్థిరపడటానికి నెలలు పడుతుంది, ప్లాస్టిక్ కాడ మొదటి రోజు నుంచే తేటగా ఉంటుంది. కట్టు విప్పగానే మనిషిని గుర్తుపట్టిన ఫొటోలు వార్తల్లోకి వచ్చేది అందుకే. ఆ ఫొటోలు నిజమే. కానీ ఆ రోజు నుంచి ఆ కన్ను జీవితాంతం డాక్టరు దగ్గర తాకట్టులో ఉన్నట్టే. ఆ మాట ఎవరూ రాయరు.

ఎందుకంటే ప్లాస్టిక్‌కూ కండకూ అతుకు ఎన్నటికీ పడదు. కాడ చుట్టూ వెంట్రుకవాసి సందు ఉంటూనే ఉంటుంది. కంటి బయటి క్రిములకు లోపలికి అది తెరిచిన తలుపు. అందుకని యాంటీబయోటిక్ చుక్కలు రోజూ, ఎప్పటికీ వేయాలి. పండగని, ప్రయాణమని మానకూడదు. సాధారణంగా మాక్సీఫ్లాక్సాసిన్ రకం చుక్క ఒకటి. దాంతోపాటు వ్యాంకోమైసిన్ కూడా రాస్తే, అది బయట సీసాగా దొరకదు, ఆసుపత్రి ఫార్మసీలో కలిపి ఇస్తారు. ఫ్రిజ్‌లో ఉంచాలి, గడువు దాటితే పారేయాలి. కరెంటు పోయే ఊళ్లల్లో ఇదొక్కటే పెద్ద సమస్య, డిశ్చార్జికి ముందే మాట్లాడుకోవాలి. యాంటీబయోటిక్, స్టెరాయిడ్ రెండూ ఏళ్ల తరబడి వాడే కంట్లో బూజు పట్టే ప్రమాదమూ ఉంది. మన ఉక్కపోత వాతావరణంలో అది ఇంకా ఎక్కువ. క్లినిక్‌లో పలచన చేసిన పోవిడోన్ అయోడిన్‌తో కడగడం అందుకే. గాయాలకు వాడే బాటిల్ తెచ్చి ఇంట్లో కంట్లో పోస్తే కన్ను కాలుతుంది, ఆ పని ఎవరూ చేయకండి.

కెప్రో మీద ఎప్పుడూ ఒక మెత్తటి కాంటాక్ట్ లెన్సు ఉండాలి. మామూలు లెన్సు 14 మిల్లీమీటర్లుంటే ఇది 16. చూపు కోసం కాదు, తడి ఆరకుండా. ముందు బిళ్ల అంచు దగ్గర కార్నియా ఆరిపోతే పైచర్మం చిట్లుతుంది, చిట్లిన చోట కొల్లాజెన్‌ను (కార్నియాను గట్టిగా ఉంచే ప్రొటీన్‌ను) కరిగించే ఎంజైములు చేరతాయి, కార్నియా ఐసుముక్కలా అంచు నుంచి కరుగుతుంది. చివరికి బిళ్ల వదులై ఊడి వస్తుంది. లెన్సు పడిపోయిన సంగతి చాలామందికి తెలియదు, ఆ కంటికి స్పర్శ తక్కువ. రోజూ ఉదయం ఇంట్లో ఒకరు టార్చి వేసి చూడాలి. లెన్సు ఉందా, బిళ్ల చుట్టూ కండ తెల్లగా నిండుగా ఉందా, ఎక్కడైనా గుంట పడిందా? వారానికోసారి ఒకే కోణంలో ఫోనుతో ఫొటో తీసి పెట్టుకుంటే గుంట మొదలైంది ఎప్పుడో డాక్టరుకు చెప్పనక్కర్లేదు, చూపించవచ్చు. లెన్సు పడిపోతే అదే రోజు ఇంకోటి పెట్టించాలి, ఇంట్లో ఒకటి అదనంగా ఉండాలి.

కాడ వెనక పొర కట్టడం అన్నిటికంటే తరచుగా వచ్చే ఇబ్బంది. చూపు మెల్లగా పొగమంచులా అవుతుంది. పలచగా ఉండగా వస్తే యాగ్ లేజరుతో కొన్ని నిమిషాల్లో చిల్లు చేస్తారు. ఆలస్యం చేస్తే పొర మందమై రక్తనాళాలు పుడతాయి, అప్పుడు మళ్లీ ఆపరేషనే. మందమైన పొర మీద లేజరు శక్తి పెంచితే ప్లాస్టిక్ మీదే గుంటలు పడతాయి.

అన్నిటికంటే దొంగ జబ్బు నీటికాసులు. కెప్రో పెట్టినవాళ్లు తొలి రోజుల్లో సంపాదించుకున్న చూపును ఏళ్ల మీద పోగొట్టుకునేది ఎక్కువగా దీనివల్లే. మామూలు కంటి ప్రెషరు యంత్రాలన్నీ కార్నియాను నొక్కో, గాలి ఊదో కొలుస్తాయి. ఇక్కడ ముందున్నది గట్టి ప్లాస్టిక్, వచ్చే అంకెకు అర్థం లేదు. అనుభవమున్న డాక్టరు పై రెప్ప మీదుగా రెండు చూపుడువేళ్లతో తెల్లగుడ్డును నొక్కి అంచనా వేస్తారు. దానికి తోడు నరం ఫొటో, చూపు విస్తీర్ణం పరీక్ష క్రమం తప్పకుండా చేయాలి. అందుకే చాలామందికి నీరు బయటికి పోయే ట్యూబును కెప్రోకు ముందో, దాంతోపాటో పెడతారు. ఆ ట్యూబు కూడా ఆరోల్యాబ్ చేస్తోంది. చూపు బాగానే ఉందని చెకప్ మానేసినవాళ్లే ఇక్కడ ఎక్కువ నష్టపోతారు. నీటికాసులు పక్కల నుంచి తినుకుంటూ వస్తాయి, మధ్య చూపు చివర్లో పోతుంది.

ఒక కన్ను బాగున్న మనిషికి దీన్ని ఎందుకు పెట్టరో ఇప్పుడు అర్థమై ఉంటుంది.

కన్నీరు పూర్తిగా ఎండిపోయిన కళ్లకు ఈ గుండీ కూడా నిలవదు. వాళ్లకు దారి పంటి నుంచి వస్తుంది. ఇటలీలో బెనెదెత్తో స్ట్రాంపెల్లి 1963లో మొదలుపెట్టారు, ఫాల్చినెల్లి దాన్ని మెరుగుపరిచారు. మన దేశంలో చెన్నై శంకర నేత్రాలయ దీనికి పేరున్న చోటు. రోగి సొంత కోరపన్నును చుట్టూ ఉన్న దవడ ఎముకతో సహా తీసి, బిళ్లలా అరగదీసి, నడుమ చిల్లు పెట్టి ప్లాస్టిక్ కాడ అతికిస్తారు. దాన్ని రెండు మూడు నెలలు రోగి చర్మం కిందే, కంటి కింద సంచిలా చేసి దాచిపెడతారు. చుట్టూ కండ పెరగాలి. బుగ్గ లోపలి పొరను కోసి పాడైన కంటి మీద కప్పుతారు, అది తడి లేకపోయినా బతుకుతుంది. రెండో విడతలో ఆ బిళ్లను తీసి, పొర కిందికి కుట్టి, కాడ బయటికి కనపడేలా చిన్న రంధ్రం చేస్తారు. కన్ను గులాబీ రంగు కండలా, మధ్యలో నల్లచుక్కతో ఉంటుంది. చూడటానికి మొదట్లో ఇంట్లోవాళ్లకే కష్టంగా ఉంటుంది, ముందే ఫొటోలు చూపించాలి. చూపు గొట్టంలోంచి చూసినట్టుంటుంది. కానీ నిలుస్తుంది. ఫాల్చినెల్లి బృందం 2005లో ప్రకటించిన 181 మంది లెక్కలో, 18 ఏళ్ల తర్వాత కూడా అది కంట్లో నిలిచి ఉండే అవకాశం 85 శాతం. సొంత పన్ను, సొంత ఎముక కాబట్టి ఒళ్లు దాన్ని తిరస్కరించదు. గుట్కా, సిగరెట్టు అలవాటున్నవాళ్లకు బుగ్గపొర పాడై ఉంటుంది, ఆ దారి మూసుకుపోతుంది. పిల్లలకు ఎముక తొందరగా అరిగిపోతుంది కాబట్టి చేయరు.

కొత్తగా వచ్చే వార్తల గురించి కూడా రెండు మాటలు. పంది చర్మపు కొల్లాజెన్‌తో స్వీడన్ శాస్త్రవేత్తలు చేసిన కార్నియాను ఇరాన్‌లోనూ, ఢిల్లీ ఎయిమ్స్‌లోనూ 20 మందికి పెట్టారు. 2022లో ఫలితాలు వచ్చాయి. వారిలో 14 మంది అంధులు, రెండేళ్ల తర్వాత ఒక్కరూ అంధులుగా లేరు. గొప్ప సంగతే. అయితే వాళ్లందరిదీ కెరటోకోనస్, అంటే కార్నియా పలచబడి ముందుకు శంఖంలా పొడుచుకొచ్చే జబ్బు. సున్నం పడి కాలిన కంటికి ఆ ఫలితం వర్తించదు. అదే ఏడాది ఎల్వీ ప్రసాద్, ఐఐటీ హైదరాబాద్, సీసీఎంబీ కలిసి 3డి ప్రింటింగ్‌తో కార్నియా చేశాయి, పెట్టింది కుందేలు కంటికి. 2021 జనవరిలో ఇజ్రాయెల్‌లో 78 ఏళ్ల వృద్ధుడికి కార్‌నీట్ అనే కొత్త కెప్రో పెట్టారు. దాని చుట్టూ ఉన్న జాలీలోకి కంటి కండ అల్లుకోవాలన్నది ఆలోచన. మేం పైన చెప్పిన సందు సమస్యకు అది సూటిగా గురిపెట్టింది, అందుకే మేమూ ఆశగా చూస్తున్నాం. కానీ అతుకు నిలిచిందా లేదా అన్నది ఏళ్ల మీద తేలే విషయం. ఇలాంటి వార్త వేసేటప్పుడు ఏ జబ్బుకు, ఎంతమందికి, మనిషికా జంతువుకా, ఎన్నాళ్ల తర్వాతి ఫలితం అన్న నాలుగూ మొదటి పేరాలోనే ఉంటే పాఠకుడు వందల మైళ్లు ప్రయాణం చేసి నిరాశపడడు.

రెండు తెలుగు రాష్ట్రాల ప్రభుత్వాలకూ మా విన్నపం ఒకటే. ఈ వైద్యానికి సాయం లెక్కగట్టేటప్పుడు ఆపరేషన్ రోజు దగ్గర ఆగవద్దు. చుక్కలు, మార్చే లెన్సులు, లేజరు, ఏడాదికి అయిదారుసార్లు ఊరి నుంచి నగరానికి ఒక తోడుతో వచ్చిపోయే బస్సు ఖర్చు, ఆ రోజు పోయే కూలి, ఇవన్నీ కలిస్తేనే అసలు ఖర్చు. వ్యాంకోమైసిన్ చుక్కలు జిల్లా ఆసుపత్రి ఫార్మసీలోనే కలిపి ఇచ్చే ఏర్పాటు చేస్తే ఎన్నో కళ్లు నిలుస్తాయి.

చివరిగా, కెప్రో ఉన్నవాళ్లూ, ఇంట్లో అలాంటివాళ్లున్నవాళ్లూ చేయాల్సిన పని. ఒక అట్టముక్క మీద తెలుగులోనూ ఇంగ్లీషులోనూ ఇలా రాసి పర్సులో పెట్టుకోండి: 'ఈ కంట్లో కృత్రిమ కార్నియా ఉంది. బయట కనిపించే ప్లాస్టిక్ బిళ్ల పరాయి వస్తువు కాదు, తీయవద్దు. పైనున్న లెన్సు తీస్తే వెంటనే తిరిగి పెట్టాలి. ప్రెషరు యంత్రం ఆనించవద్దు. లోపలి రింగు టైటానియం, అయస్కాంతానికి అంటదు.' కింద ఆపరేషన్ చేసిన ఆసుపత్రి ఫోను నంబరు, వాడుతున్న చుక్కల పేర్లు రాయండి. ఎర్రబడటం, చీము, చూపు ఉన్నట్టుండి తగ్గడం, మెరుపులు కనిపించడం, వీటిలో ఏది వచ్చినా నొప్పి లేదు కదా అని తెల్లారేదాకా ఆగకండి, ఆ రాత్రే ఆ నంబరుకు ఫోను చేయండి.

ఇట్లు,
కార్నియా, నేత్రనిధి విభాగాల్లో పనిచేసేవాళ్లం,
హైదరాబాద్